రెండు గుండెల పటేలు

రిటైరయ్యాక నా దగ్గర ఈసీజీ నేర్చుకోవడానికి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒకటే. "మేడం, మెషీను తప్పు చెప్తుందా?" చెప్తుందమ్మా, ఎందుకు చెప్పదు? తీగ వదులైతే చెప్తుంది. పేషంటు చలికి వణికితే చెప్తుంది. పక్కనున్న మోటారు గుర్రుమన్నా చెప్తుంది. కానీ నన్ను పిచ్చిదాన్ని చేసి వదిలిన కేసులో మెషీను తప్పు లేదు, ఫోను తప్పూ లేదు. రెండూ నిజమే చెప్పాయి. చిక్కంతా అక్కడే వచ్చింది.

మాది కోదాడ. పనిచేసింది సూర్యాపేటలో, ఒక ప్రైవేటు దవాఖానాలో. రోజూ హైవే బస్సులో పోవడం, రావడం. కోదాడ మాట సగం ఆంధ్రా మాటలా ఉంటుంది కాబట్టి సూర్యాపేటలో నన్ను ఆంధ్రామె అనేవాళ్ళు. అవతలి వైపు చుట్టాలింటికి పోతే తెలంగాణామె అనేవాళ్ళు. నేను నర్సును కాను, ఈసీజీ తీసే టెక్నీషియన్ని. అయినా పేషంట్లందరికీ నేను సిస్టరమ్మనే. మొదట్లో సరిదిద్దేదాన్ని, తర్వాత విసుగొచ్చి ఊరుకున్నాను.

మా దగ్గరికి మోతె దిక్కు నుంచి ఒక పటేలు వచ్చేవాడు. అరవై దాటిన మనిషి. ఇస్త్రీ నలగని తెల్ల అంగీ, దాని కింద షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు. వెంట భార్య వచ్చేది. డాక్టరు గదిలో గోడ పక్క కుర్చీలో కూర్చుని, లేచేదాకా ఒక్క మాట మాట్లాడేది కాదు. వాళ్ళ బిడ్డను మిర్యాలగూడలో రైసు మిల్లు ఉన్న ఇంటికి ఇచ్చారు. తండ్రంటే ప్రాణం ఆ పిల్లకు. ప్రాణం ఎక్కువైతే ఏమవుతుందో మీకు తెలుసు కదా, పెత్తనం అవుతుంది. నాయిన నడవడం లేదని, మాట వినడం లేదని ఆమె ఒక గడియారం కొని తెచ్చి ఆయన చేతికి కట్టింది. ఈ కాలపు గడియారం. ఎంత నడిచారో లెక్క కడుతుంది, నాడి చూస్తుంది, ఇంటికి రాగానే అంతా ఫోనులోని ఒక యాప్‌కు అప్పజెప్తుంది.

ఆ యాప్ అక్కడితో ఊరుకోదు. మా డాక్టరుకు చూపించమంటారా అని అడిగింది, ఆ పిల్ల సరే నొక్కింది. అది న్యాయమే. తర్వాత తిండి సలహాలిచ్చే కంపెనీ ఒకటి అడిగింది, సరే. ఇన్సూరెన్సు వాళ్ళు అడిగారు, సరే. ఇంట్లో వాళ్ళందరికీ చూపించమంటారా, ఓ సరే. "అవన్నీ సదువుకుంట కూసుంటే తెల్లారుతది మేడం, మంచికే గదా అడిగేది" అంది నాతో. నిజం చెప్పొద్దూ, ఆమె స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని.

మొదటి వింత షుగరుతో మొదలైంది. మా డాక్టరు చిన్నవాడు, ఓపిక గలవాడు, కొత్త వస్తువులంటే ముచ్చట. పలక లాంటి స్క్రీను ముందు పెట్టుకుని పటేలు నడక చూసి మురిసిపోయేవాడు. పొద్దున బయలుదేరితే సాయంత్రం దాకా నడకే నడక. "ఇంత నడిచే మనిషికి షుగరు ఎందుకు దిగడం లేదండీ?" అని తల పట్టుకున్నాడు.

"నా ఒళ్ళే గసోంటిది డాక్టరూ" అన్నాడు పటేలు.

పటేలమ్మ చీర కొంగు చూసుకుంటూ కూర్చుంది. మా కంప్యూటరాయన తలుపు దగ్గర నుంచి, "మేడం, మీరు బస్టాండు నుంచి ఆటో ఎక్కుతరు. ఆయనను సూసి నేర్సుకోండి" అని నన్ను ఎత్తిపొడిచాడు. నడకతో దిగని షుగరు మాత్రలతోనైనా దిగాలి కదా అని డాక్టరు మోతాదు పెంచాడు.

కొన్నాళ్ళకు ఆ బిడ్డ మిర్యాలగూడ నుంచి పరుగున వచ్చింది. తల్లిని, తండ్రిని కారులో కూర్చోబెట్టుకునే వచ్చింది. "సార్, నాయిన గుండె తప్పుతున్నదంట. ఫోన్ జూపిస్తున్నది" అంది. స్క్రీను మీద చూస్తే నిజమే. గుండె ఒకసారి తొందరగా, ఒకసారి ఆగి, ఒక పద్ధతీ పాడూ లేకుండా కొట్టుకుంటోంది. పటేలును మంచం మీద పడుకోబెట్టి నేను ఈసీజీ తీశాను. కాయితం బయటికొచ్చింది. చక్కగా నాటేసిన వరి మడిలా ఉంది, అన్నీ సమానంగా.

"బాగుంది సార్" అన్నాను.

"ఈ జబ్బు వచ్చి పోతూ ఉంటుంది మేడం. ఇప్పుడు లేకపోతే అసలు లేనట్టు కాదు" అన్నాడు డాక్టరు. అదీ నిజమే, పుస్తకంలో అట్లాగే ఉంది. "కళ్ళు తిరుగుతున్నాయా?" అని అడిగాడు పటేలును.

"ఆ, ఈ నడుమ జర తిరుగుతున్నయి."

ఇంకేం కావాలి? షుగరు మాత్రలు ఎక్కువైతే కళ్ళు తిరుగుతాయని మాకు తెలియక కాదు. కానీ గుండె ముందు కనబడుతుంటే షుగరు ఎవరికి గుర్తుంటుంది? రక్తం పలచబడే మాత్ర మొదలుపెట్టారు.

ఆ మర్నాటి నుంచి పటేలుకు ఫోన్లు. తిండి కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోను చేసి, మీ గుండెకు మా ఓట్స్ మంచివి అంది. ఇన్సూరెన్సు వాళ్ళు చేసి, ఈ గుండె జబ్బు మాకు ముందు చెప్పలేదేం అన్నారు. నకిరేకల్‌లో బామ్మర్ది చేసి, బావా మంచిగున్నవా అని ఏడ్చినంత పని చేశాడు. మా గదిలోనే పటేలు ఫోను పక్కన పడేసి, "నా గుండె సంగతి నాకంటె ముందు వీళ్ళకెట్ల ఎరుకైంది?" అన్నాడు. బిడ్డకు కూడా ఎవరెవరికి సరే అందో గుర్తున్నట్టు లేదు.

ఇట్లా కాదని డాక్టరు రోజంతా గుండెను రాసే చిన్న పెట్టె కట్టమన్నాడు. నేనే కట్టాను, పటేలు ఛాతీ గొరిగి మరీ తీగల స్టిక్కర్లు అతికించాను. మరుసటి రోజు తెచ్చి ఇచ్చాడు. ఒళ్ళంతా తీగలుంటే ఎక్కడికి పోతాను, మంచం మీదే పడుకున్నానన్నాడు. పెట్టెలోని రాతంతా చూశాం. ఒక్క తప్పు లేదు. డాక్టరు అదే రోజుది స్క్రీనులో తీశాడు. అందులో ఆ మనిషి పొద్దంతా నడిచాడు, మధ్యాహ్నం కూర్చున్నప్పుడల్లా గుండె తప్పింది.

ఒకటే మనిషి, ఒకటే రోజు. మంచం మీద పడుకున్నదీ ఆయనే, పొలాల వెంట తిరిగిందీ ఆయనే. ఒక గుండె తాళం తప్పకుండా కొట్టుకుంది, ఇంకోటి గతి తప్పింది.

తర్వాత అందరి కళ్ళూ నా మీద పడ్డాయి. స్టిక్కర్లు సరిగా పెట్టారా అని డాక్టరు మెల్లగా అడిగాడు. కంప్యూటరాయన మెల్లగా కూడా అడగలేదు. "గంత పెద్ద కంపెనీ జేసిన గడియారం తప్పు జెప్తదా? మన మెషీనే పాతది" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్ళను చూశాను కానీ, బాగా మోగుతున్న మద్దెలను ఓడు అనేవాళ్ళను ఆ రోజే చూశాను. ఒళ్ళు మండింది. ఆయన్నే మంచం మీదికి తోసి చొక్కా విప్పించి ఈసీజీ తీశాను. బంగారం లాంటి గుండె. "మీ నోరు తప్ప అన్నీ బాగున్నాయి" అని కాయితం చేతిలో పెట్టాను.

పైకి అట్లా అన్నాను గానీ లోపల బెంబేలెత్తిపోయాను. కోదాడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇన్నేళ్ళూ ఎంతమందికి బాగుంది పొమ్మన్నానో, వాళ్ళలో ఎవరెవరు ఏమయ్యారో అని తలుచుకున్నాను. మునగాల దాటే వేళకు ఏడుపొచ్చింది. పిల్లలూ, ఈ పనిలో చెయ్యి మీద నమ్మకం పోతే ఇంకేమీ మిగలదు.

ఆ తర్వాతి వారం పటేలు పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని వచ్చాడు. డాక్టరు ఇక తన వల్ల కాదన్నాడు. హైదరాబాదు తీసుకుపొమ్మన్నాడు, అక్కడ తొడ దగ్గర నుంచి గుండెలోకి తీగ పంపి చూస్తారన్నాడు. పటేలు ముఖం పాలిపోయింది. అప్పుడు పటేలమ్మ నోరు తెరిచింది.

"గుండెల తీగ పెడ్తరా? సార్, ఆ గడియారం ఈయన చేతికి ఎన్నడున్నది?"

"ఏమంటున్నవే అమ్మా?" అంది బిడ్డ.

"పొద్దుగాల గొర్లాయన చేతికి కడ్తడు. మాపటికి ఇప్పుకొని సొరుగుల పెడ్తడు. నన్ను ఎవ్వరికి జెప్పకన్నడు."

గొర్లాయన అంటే వాళ్ళ ఊరి గొర్ల కాపరి. వీళ్ళ కొట్టం పక్కనే ఆయన దొడ్డి. అందరం పటేలు వైపు తిరిగాం. ఆయన కాసేపు ఫ్యాను చూశాడు, కాసేపు తలుపు చూశాడు. చివరికి బిడ్డ మీదే విరుచుకుపడ్డాడు.

"మరేం జెయ్యాలె? దినాం ఫోన్ జేసి నడిసినవా నాయినా, ఇంక నడువు నాయినా అంటవు. మోకాళ్ళు నీయా, నాయా? గొర్లెట్లనన్న తిరుగుతయి, ఆయనెట్లనన్న నడుస్తడు. ఉట్టిగ పోయే నడక నాకు అక్కరకొచ్చె."

నేను నవ్వాను. ఆపుకోలేక నవ్వాను. నా చెయ్యి మంచిదే, నా మెషీను మంచిదే. డాక్టరూ నవ్వాడు. కంప్యూటరాయన మాత్రం స్క్రీను తుడుస్తున్నట్టు నటించాడు.

"నవ్వుతున్నరు గని, మరి ఆ గుండె గొర్లాయనదేనా?" అంది పటేలమ్మ.

నవ్వులు ఆగిపోయాయి. ఇన్నాళ్ళూ మేం వెతికిన జబ్బు నిజంగా ఉంది. లేని మనిషికి మందులు మింగించాం, ఉన్న మనిషికి సంగతే తెలియదు. అట్లా వదిలేస్తే గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకు పోతుందని, కాలూ చెయ్యీ పడిపోతాయని డాక్టరు చెప్పాడు. ఎక్కడున్నాడాయన అంటే, యాసంగి కోతలయ్యాయి కదా, మంద తోలుకుని సాగర్ కాల్వ కిందికి పోయాడన్నారు. పోయే ముందు గడియారం భద్రంగా ఇచ్చేసి పోయాడట. ఫోను చేస్తే మోగడం లేదు. పటేలు రక్తం మాత్ర ఆపేయించి, షుగరు మాత్ర తగ్గించి, డాక్టరు నా చేతికి సంచీలో పట్టే చిన్న ఈసీజీ మెషీను ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్నే పటేలు కారులో బయలుదేరాం. మిర్యాలగూడలో వడ్ల లారీల వెనక చాలాసేపు ఇరుక్కున్నాక బిడ్డ ఎక్కింది. తండ్రీ కూతుళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు, ఇద్దరూ నాతోనే మాట్లాడారు. హాలియా రోడ్డు పట్టాక ఎటు చూసినా కోసిన మళ్ళు, మడికొక మంద. ఎరువు కోసం రైతులు ఆ కాలంలో మందలు పెట్టించుకుంటారు. మోతె మంద ఏదంటే ఒకాయన కాల్వ అవతల అన్నాడు, అవతలాయన ఇవతల అన్నాడు. మూడోవాడు, "మోతె మందనా, సూర్యాపేట మందనా?" అని మమ్మల్నే అడిగాడు. ఆ తిరుగుడులో నాకు దిక్కులు కూడా తప్పాయి.

ఆఖరికి ఒక తుమ్మచెట్టు నీడన దొరికాడు. గొంగడి పరుచుకుని కూర్చున్నాడు, పక్కన ఇంకో కాపరి ఉన్నాడు. ఇద్దరి మందలు కలిపి తోలుకొచ్చారు. సన్నటి మనిషి, పటేలు కంటే పెద్దవాడిలా కనిపించాడు. మమ్మల్ని చూసి లేచాడు. లేవడంలోనే ఆయాసం నాకు కనబడింది.

"ఏంది పటేలా, గింత దూరమొచ్చిన్రు? గడియారం ఇచ్చిన్నే మరి."

"నీ గుండె మంచిగ లేదంట. సూపించనీకె వచ్చినం" అన్నాడు పటేలు, పొలమంతా వినబడేట్టు.

పక్కనున్న కాపరి తల తిప్పుకున్నాడు. గొర్లాయన ముఖం ఒక్కసారి గట్టిపడింది.

"ఎవరు జెప్పిన్రు?"

"నీ చేతికి కట్టిన గడియారం జెప్పింది."

"టైం జెప్తదంటివి గదా?"

గొర్లాయన పటేలు బిడ్డ వైపు తిరిగాడు. "ఇంకెవరికి ఎరుకమ్మా?"

"డాక్టరుకు ఎరుక మామా. మా ఇంట్లోళ్ళకు... హైదరాబాద్ కంపెనీలోళ్ళకు..." అని ఆ పిల్ల నీళ్ళు నమిలింది. "వాళ్ళంత నాయిన గుండె అనుకుంటున్నరు."

"అందరికి ఎరుకనే. నన్నే ఎవ్వరు అడగలే."

ఆ మాట కోపంగా అనలేదు. అందుకే నాకు గుచ్చుకుంది. ఆయన తోటి కాపరిని పిలిచి, గొర్లు ఒడ్డెక్కుతున్నయి, జర మలుపు అని దూరంగా పంపాడు. గొర్లు ఒడ్డు దగ్గరికే పోలేదు. అతను పోయాక నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఆయాసం నాకెరుకే సిస్టరమ్మా. దాసుకున్న. రోగమొచ్చినోని మందతోని ఎవడు జత కడ్తడు? ఒక్కన్నయితే గింత దూరం తోలలేను. జత లేకుంటే మందనే అమ్ముకోవాలె. గొర్లు లేకుంటే నేనేంది?"

"మందు మింగితే ఎప్పటిలాగే తోలుకోవచ్చు. ఊరుకుంటేనే పడిపోతావు. ఈసీజీ తీయమంటావా?"

"కాయితం ఎవరి చేతికిస్తవ్?"

నేను తడబడ్డాను. మా పద్ధతి మీకు తెలిసిందే కదా. రోగిని మంచం మీద పడుకోబెట్టి, "వెంట ఎవరొచ్చారు?" అని కేకేస్తాం. కొడుకో, మొగుడో, పటేలో వస్తాడు. కాయితం వాళ్ళకే, మాట వాళ్ళకే. రోగి అంగీ గుండీలు పెట్టుకుంటూ ఉంటాడు. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి ఆయన.

"నీకే ఇస్తా" అన్నాను.

గొంగడి మీద పడుకున్నాడు. ఒక గొర్రెపిల్ల వచ్చి తీగలు వాసన చూస్తుంటే తోలుకుంటూ తీశాను. కాయితం మెల్లగా వచ్చింది. ఇన్నాళ్ళూ స్క్రీను మీద చూసిన ఆ గతి తప్పిన గుండె, ఇప్పుడు దాని మనిషితో సహా నా కళ్ళ ముందుంది. పటేలు అలవాటుగా చెయ్యి చాచాడు.

"ఏమొచ్చింది సిస్టరమ్మా?"

"ఆయన్ని అడగండి."

పటేలుకు కోపమొచ్చింది. కారు ఆయనది, ఎండలో తిరిగింది ఆయన. నన్ను ఒక చూపు చూసి, చాచిన చెయ్యి జేబులో పెట్టుకుని కారు దగ్గరికి పోయాడు. నేను కాయితం గొర్లాయన చేతికిచ్చి, పక్కన కూర్చుని, ఎక్కడ తప్పుతోందో, ఏం మందు పడుతుందో నెమ్మదిగా చెప్పాను. ఆయన కాయితాన్ని మడిచి అంగీ లోపలి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, మళ్ళీ మరిచిపోతాను. గొర్లాయన ఆ రోజే మాతో సూర్యాపేట వచ్చాడు, మందు మొదలైంది, మనిషి నిలబడ్డాడు. పటేలు ఇప్పుడు కొట్టం దాకా నడిచి వస్తున్నాడట, బిడ్డ అంతే చాలంటోందట. ఆ పిల్ల సరే అన్నవన్నీ వద్దు అని వెనక్కి తీసుకోవడానికి చాలా తిప్పలు పడింది. కొందరు తీసేశామన్నారు, కొందరు అసలు జవాబే ఇవ్వలేదు. నేను రిటైరయ్యేనాటికి కూడా ఇన్సూరెన్సు వాళ్ళ దగ్గర పటేలు గుండె రోగే. ఆ గుండె ఎన్ని చోట్ల ఎవరి పేరు మీద కొట్టుకుంటోందో నాకిప్పటికీ అర్థం కాదు. మీరు చదువుకున్న పిల్లలు, మీకు తెలిస్తే చెప్పండి. తెలియకపోతే మాత్రం మీ ఫోను అడిగినదానికల్లా సరే అనకండి, అది ఇంకొకరి ఒంటి సంగతైతే అసలే అనకండి.

ఆ తుమ్మచెట్టు కింద నేను మెషీను సంచీలో సర్దుకుంటుంటే గొర్లాయన లేచి చాలాసేపు మంద వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తనే తోటి కాపరిని కేకేశాడు. అతను కర్ర భుజాన వేసుకుని వచ్చాడు.

"నాకు గుండె జర తప్పుతున్నదంట" అన్నాడు గొర్లాయన. "దవాఖానకు పోయొస్త. నాల్గొద్దులు నువ్వు సూసుకో. మల్లేడు నాతోని జత కడ్తవో లేదో, అది నీ ఇష్టం."

"గిదేనా? ఇదివరకే ఎరుక నాకు" అన్నాడతను. "ఒడ్డెక్కినప్పుడల్లా కూసుంటున్నవ్. పోయినేడు సంది సూస్తలేనా?"

గొర్లాయన అతని కర్ర పట్టుకుని ఆపాడు. "పోయినేడు సందా? మరి ఎవ్వరితోని అనలేదేం? నన్నన్న అడగకపోతివి?"

"నువ్వు జెప్పలే గదా" అని అతను గొర్ల దిక్కు పోయాడు.